మా అత్తమ్మ వేసిన సున్నం

పోయిన వారం క్లాసు ముగించుకుని, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ వరండాలోకి వచ్చానో లేదో, ఒక అమ్మాయి నా వెనకే వచ్చి నిలబడింది. పీహెచ్‌డీలో కొత్తగా చేరిన పిల్ల. జనగామ దగ్గరి ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. "మేడం, నేను ఆయన మీద చెయ్యాలనుకుంటున్న. ఆయన లైఫ్, ఆయన టైమ్ అంత సమజ్ కావాలంటే ఏ బుక్స్ చదవాల్నో జర చెప్తరా?" అని అడిగింది. ఆయన అంటే బర్రెల బొమ్మలు వేసి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న మన చిత్రకారుడు. ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక చివరే ఉంటుంది. ఈ క్యాంపస్‌లో కళాచరిత్ర పాఠం చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, నేను చెప్తూనే ఉన్నాను. ఏ పుస్తకం ముందు చదవాలి, ఏది తర్వాత చదవాలి, ఏది లైబ్రరీలో ఏ మూల దుమ్ము కొట్టుకుని ఉంటుంది, ఏ పుస్తకంలో బొమ్మలు మాత్రం చూసి అక్షరాల జోలికి పోకుండా ఉంటే ఆరోగ్యానికి మంచిది, అన్నీ చెప్పేదాన్ని. అలాంటి నాకు ఆ రోజు నోరు పెగల్లేదు. నేను మాట్లాడకుండా నిలబడితే జనం దాన్ని జ్ఞానం అనుకుంటారు, అదంతా నా కళ్ళద్దాల మహిమ. ఆ పిల్ల కూడా అలాగే అనుకుని, పెన్ను మూత తీసి పట్టుకుని మర్యాదగా ఎదురుచూసింది. "రేపు ఇంటికి రామ్మా, తీరిగ్గా చెప్తాను" అని తప్పించుకున్నాను.

ఆ చిత్రకారుడి పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ పేరుతో అనరు, 'ఎనకర్రాయన' అంటారు. ఎనకర్ర అంటే మా అత్తమ్మ భాషలో వెనక గది. తార్నాకలో ఇప్పుడున్న మా మూడంతస్తుల ఇంటి స్థలంలో అప్పుడు పెంకుటిల్లు ఉండేది. ముందు రెండు గదులు, మధ్యలో వాకిలి, వెనక ఒక గది, దాన్ని ఆనుకుని బర్రెల కొట్టం, కొట్టం పక్కన ఒక చిన్న గది. లాలాపేట్ వైపు చూస్తే చేలూ బీళ్ళూ తప్ప మరేం కనిపించేవి కావట. మా మామయ్య యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. అత్తమ్మ నాలుగు బర్రెలు పెట్టుకుని క్వార్టర్ల వాళ్ళకు పాలు పోసేది. ఆయన అప్పటికి ఎవరికీ తెలియని కుర్రాడు, నల్లకుంటలో ఒక బడిలో డ్రాయింగు మాస్టరు. ఎనకర్రలో కిరాయికి దిగి, ఉన్నన్నాళ్ళూ బొగ్గుతోనూ ఎర్రమట్టితోనూ బట్టలకు పెట్టే నీలిమందుతోనూ నాలుగు గోడల నిండా బర్రెల్ని వేశాడు. ఆ గోడలకు మా అత్తమ్మ సున్నం వేసింది. ఆయన గురించి ఎవరేమి రాసినా ఈ ఒక్క సంగతిని మాత్రం వదిలిపెట్టలేదు.

నేను కడప పిల్లను. మా నాన్న సర్కారు ఉద్యోగం మీద మమ్మల్ని హైదరాబాదుకు తెస్తే, ఇదే క్యాంపస్‌లో చదువుకుని, చదువుతో పాటు ఒక తార్నాక పిల్లగాణ్ణి కూడా చూసుకుని, రెండిళ్ళ వాళ్ళనూ కొన్నాళ్ళు ఏడిపించి పెళ్ళి చేసుకున్నాను. అప్పటికే ఆ చిత్రకారుడి మీద దొరికిన పుస్తకాలన్నీ చదివేసిన దాన్ని. ఆయన బొమ్మలంటే పిచ్చి. 'తార్నాకలోని ఇంటి యజమానురాలు' అన్న మాట వచ్చినప్పుడల్లా పళ్ళు నూరిన దాన్ని. ఎవరో గానీ ఆ మహాతల్లి, దొరికితే ఆమె పని చెప్తాను అనుకునేదాన్ని. ఆ మహాతల్లే నా కాళ్ళకు పసుపు రాసి, నెత్తిన చెయ్యి పెట్టి, 'నా బిడ్డ లెక్కనే ఉండు' అని ఇంట్లోకి తీసుకుపోయిందని నాకు పెళ్ళైన నెలకు గానీ తెలియలేదు. మా ఆయన ముందే చెప్పి ఉండవచ్చు. చెప్తే నేను పెళ్ళి మానుకుంటానని భయపడ్డాడట. అబద్ధం, ఆయనకు అదొక సంగతని తోచలేదు, అంతే.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మొదటిది ఆయన స్నేహితుడు రాసిన పల్చటి పుస్తకం. ఇద్దరూ కాచిగూడ స్టేషన్ దగ్గరి హోటల్లో ఒక్క చాయ్‌ని సగం సగం చేసుకుని గంటలకొద్దీ కూర్చోవడం, రంగులు దొరక్క ఇటుక నూరి వాడుకోవడం, ఎవరి పెళ్ళికో మండపం గుడ్డల మీద నెమళ్ళు వేసి భోజనం చేసి రావడం, అన్నీ కళ్ళకు కట్టినట్టుంటాయి. సగం పుస్తకం ఆ స్నేహితుడి గొప్పలే అనుకోండి, అయినా ఆయన యవ్వనం తెలియాలంటే అదే చదవాలి. అందులో సున్నం గురించి ఒకే వాక్యం ఉంది, ఇంటివాళ్ళు ఆ గోడలకు సున్నం వేశారని అంటారు, అని. రెండోది ఢిల్లీలో ఉండే ఒక విమర్శకుడు ఇంగ్లీషులో రాసిన లావుపాటి గ్రంథం. ఒళ్ళో పెట్టుకుని చదివితే లేచేటప్పుడు ఎవరైనా చెయ్యి అందించాలి. కానీ కరువూ వలసా పల్లె ఆడవాళ్ళ చాకిరీ ఆ బర్రెల కళ్ళలోకి ఎలా వచ్చి చేరాయో తెలియాలంటే అది చదవక తప్పదు. అందులో ఇంటివాళ్ళు పోయి, 'అక్షరం ముక్క రాని యజమానురాలు' వచ్చింది. మా అత్తమ్మ ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది, ఇప్పటికీ పాల లెక్క నోట్లో ఉర్దూలోనే వేసుకుంటుంది. ఢిల్లీకి ఆ సంగతి చేరలేదు.

మూడోది శిష్యుడు రాసింది. శిష్యుడు గనక భక్తి ఎక్కువ. ప్రతి పేజీలో గురువుగారు ఏడుస్తుంటారు, లేకపోతే నవ్వుతుంటారు, ఊరికే మాత్రం కూర్చోరు. అందులో గురువుగారు సాయంత్రం బడి నుంచి వచ్చి, తెల్లటి గోడల్ని చూసి కుప్పకూలిపోయి, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ ఇల్లాలు గుమ్మంలో నిలబడి నవ్వింది కూడా. అయినా ఆయన ఇంట్లో ఎలా ఉండేవాడు, ఏం తినేవాడు, ఏ వేళప్పుడు కుంచె పట్టేవాడు, ఇవన్నీ ఆ శిష్యుడికి తెలిసినట్టు ఎవరికీ తెలియవు. నాలుగోది ఆయనతో జరిపిన సంభాషణలు. తొలినాటి బొమ్మల గురించి అడిగితే ఆయన 'పోయినవి పోయాయి' అని వేరే మాటలోకి వెళ్ళిపోయాడు. అడిగినాయన ఆ రెండు మాటల కింద, ఆ మౌనంలో ఎంత గాయం దాగి ఉందో అంటూ మూడు పేరాలు రాసుకున్నాడు. నేను ఆ పేరాల పక్కన పెన్సిలుతో గీతలు కూడా గీశాను.

నేనూ తక్కువ తినలేదు. ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి, మన సమాజానికి కళ అంటే ఎంత చులకనో చెప్పడానికి నాకు ఈ కథే ఉదాహరణ. "తార్నాకలో ఒక ఇంట్లో" అని గొంతు తగ్గించి మొదలుపెట్టేదాన్ని. ఏ ఇల్లో చెప్పేదాన్ని కాదు. చివరికొచ్చేసరికి క్లాసంతా నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఇలాంటివి ఎన్నాళ్ళు దాగుతాయి? ఒక ఏడాది ఎవరో కుర్రాడు ఆరా తీసి, ఆ ఇల్లు మేడంగారిదేనని కనిపెట్టాడు. ఇక స్టాఫ్‌రూంలో చూడాలి. పండగలొస్తే చాలు, "మేడం, ఇంటికి రంగులేయిస్తున్నారా? ఎందుకైనా మంచిది, గోడలు ఒకసారి చూసుకోండి" అనేవాళ్ళు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వి ఇంటికొచ్చి, పప్పులో ఉప్పు తగ్గిందనో, తలుపు గడియ వెయ్యలేదనో ఏదో వంక పెట్టుకుని అత్తమ్మ మీద విసుక్కునేదాన్ని. ఆమెకు ఎందుకో తెలిసేది కాదు.

ఇంకా తమాషా ఏమిటంటే, ఇంట్లో ఈ సంగతికి సిగ్గుపడేది నేనొక్కదాన్నే. అత్తమ్మకు అదొక ముచ్చట. పుస్తకాలు చదివిన పిల్లలు ఇల్లు చూద్దామని వచ్చి గేటు దగ్గర తచ్చాడితే, వరండాలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ తనే పిలిచేది. "గీడనే బిడ్డా, రాండ్రి. సున్నమేసింది నేనే" అని వాళ్ళను మెట్ల మీద కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా అదే కథ, అదే ఉత్సాహం. నేను లోపలి నుంచి వింటూ ఉండేదాన్ని కాబట్టి నాకు దాదాపు కంఠతా వచ్చు.

"ఆయన మంచోడే బిడ్డా. పని లేనప్పుడు బర్రెలకు నీళ్ళు పెట్టెటోడు. కొట్టంల కూసుండి పొద్దుగూకేదాక వాటినే చూసెటోడు. నాకేం ఎరుక? ఒకనాడు అర్రల పోయి చూస్తే గోడలకు నా బర్రెలే. నాలుగు గోడలకు నాలుగు బర్రెలు, ఒక దూడ. మా కుంటి బర్రె గుడ ఉన్నది. నాకు నవ్వాగలే. గట్లనే ఉంచిన. శాన దినాలు ఉంచిన. గంతల మా ఆడబిడ్డ కానుపుకొచ్చింది. ముందర అర్రల మేమే ఇరుకు. ఆయన్ని కొట్టం పక్కకున్న చిన్న అర్రలకు జరుగుమంటే జరిగిండు పాపం. బాలింతను పండవెట్టాలంటే అర్రకు సున్నం పడాలె గద. ఆ గోడకేమో అంత బొగ్గు. చెయ్యి ఆనిస్తే నలుపు, కొంగు ఆనిస్తే నలుపు. పసిగుడ్డు ముక్కుల పోతే ఎట్ల? నేనే పోయి అడిగిన, ఏమయ్యా, నీ బర్రెల మీద సున్నమేస్తే ఏమంటవ్ అని. ఎయ్యక్కా, దానికేంది అన్నడు. ఆయనే కుంచె పట్టిండు. గీ దూడకు కాలు ఒంకర వచ్చింది, ముందుగాల దీని మీద ఎయ్యాలె అని దానితోనే షురూ చేసిండు. ఒక్క పూతకు బర్రెలు పోలే. సున్నం పల్చగైంది అక్కా అని గూనల ఇంకింత కలిపిండు. ఇద్దరం కలిసి రెండో పూత ఏసినం. సాయంత్రం సర్వపిండి చేసి పెడితే తిని, ఇంకొకటి అడిగిండు."

బాలింత గదికి సున్నం వెయ్యడం మా కడప వైపూ ఉంది. పురుగూ పుట్రా చేరకూడదని ఘాటైన కొత్త సున్నం వేసి, గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. మా అమ్మకు నేను పుట్టినప్పుడు మా అవ్వ చేసిందీ అదే. అయినా నాకు ఆ మాట చెవికెక్కలేదు. నలుగురు చదువుకున్నవాళ్ళు ఒకలా రాస్తే ఈమె ఇంకోలా చెప్తోంది, వయసు మీద పడి కల్పించుకుంటోంది అనుకున్నాను. సర్వపిండి దగ్గరికి వచ్చేసరికి లోపల నాకు చెమటలు పట్టేవి. అంతటి చిత్రకారుడు తన బొమ్మల మీద తనే సున్నం పూసుకుని, సర్వపిండి తిని, ఇంకొకటి అడిగాడంటే ఎవరు నమ్ముతారు? ఆ పిల్లలు బయటికి పోయి నవ్వుకోరూ? అందుకే కథ సగంలో ఉండగానే "అత్తమ్మా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడండి" అని కేకేసేదాన్ని. ఆమె లేచి వచ్చేది. పాలు పొంగుతూ ఉండేవి కావు. ఇంట్లో ఇంకెవరినైనా అడుగుదామంటే ఆ ఆడబిడ్డా మామయ్యా ఎప్పుడో పోయారు, మా ఆయనకు అప్పుడు మూడేళ్ళు, ఆయనకు దూడ తన అంగీ నమలడం ఒక్కటే గుర్తు. చిత్రకారుడు బతికి ఉన్న రోజుల్లో అడగొచ్చు కదా అంటే, నా ధైర్యం ఎంతో నాకు తెలుసు. 'మీ గోడలకు సున్నం వేసినావిడ కోడల్ని' అని ఎలా పరిచయం చేసుకోను?

నాలుగేళ్ళ కిందట ఆయన బొమ్మలన్నీ తెప్పించి క్యాంపస్‌లో ప్రదర్శన పెట్టాం. దాంతో పాటు రెండు రోజుల సదస్సు. ఏర్పాట్లన్నీ నా నెత్తినే. అప్పటి మా శాఖాధిపతి ఒకరోజు మాటవరసకు, "మీ అత్తగారితో స్టేజీ మీద రెండు మాటలు చెప్పిద్దాం మేడం. ఒక సారీ లెక్క చెప్తే మస్తు టచింగ్‌గుంటది" అన్నాడు. అని, టీ తాగి మర్చిపోయాడు కూడా. నేను మర్చిపోలేదు. ఇన్నేళ్ళ వెక్కిరింపులకు ఒక్కసారిగా తెర పడుతుంది కదా అనిపించింది. చేసిన తప్పు ఒప్పుకున్న ఇల్లు అని పేరొస్తుంది, దాని వెనకే ఒప్పించిన కోడలు అని నాకూ వస్తుంది. ఇదంతా అప్పుడు ఇంత వివరంగా అనుకోలేదు, కానీ ఇదే అనుకున్నాను.

ఆ సాయంత్రమే వరండాలో అత్తమ్మ పక్కన కూర్చుని, నేనూ నాలుగు చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకుని, విషయం చెప్పాను. ఎక్కువేం లేదు, 'తెలియక చేశాను, అందరూ నన్ను క్షమించాలి' అంటే చాలు అన్నాను.

"నేనేం తప్పు చేసిన బిడ్డా?" అంది.

"తప్పని కాదత్తమ్మా. అంత గొప్ప బొమ్మలు పోయాయి కదా. పెద్దవాళ్ళు మీరు, ఒక మాట అంటే బాగుంటుంది."

"ఆయనే కుంచె పట్టిండని చెప్పొద్దా మరి?"

"అదంతా వద్దు. అంత టైమ్ ఉండదక్కడ."

ఆమె చేతిలోని కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, తొక్కలు చీర మీద నుంచి దులుపుకుంది. "గట్లంటే నీకు కాలేజిల మంచిగైతదా?" అని అడిగింది.

"అవుతుంది" అన్నాను.

"అయితే అంట తియ్" అంది.

లోపల మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు. చెప్తే, కళ్ళెత్తకుండా "నీ ఇష్టం" అన్నాడు. ఆయన నీ ఇష్టం అన్నాడంటే తనకు ఇష్టం లేదని. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆ మాత్రం తెలియక కాదు. ఆ వారమంతా రోజూ వంట చేస్తూ అత్తమ్మతో ఆ రెండు మాటలు చెప్పించాను. 'క్షమించాలి' అన్న మాట ఆమెకు నోరు తిరగలేదు, 'మాఫ్ చెయ్యుండ్రి' దగ్గర రాజీ పడ్డాం. నడుమ నడుమ ఆమె దూడ కాలు సంగతి ఎత్తబోతే నేను ఆపేదాన్ని. ఆపినప్పుడల్లా బుద్ధిగా మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

ఆ రోజు ఆమె పోచంపల్లి చీర కట్టుకుంది. నేనే తీసిచ్చాను. హాలు నిండిపోయింది. ఆమెను ఇద్దరు పిల్లలు చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించారు. మైకు ఎత్తు సరిచేసే దాకా అటూ ఇటూ చూసి, చేతులు జోడించి, "తెల్వక చేసిన బిడ్డా. అందరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి" అంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. హాలంతా చప్పట్లు. కొందరు లేచి నిలబడ్డారు. అత్తమ్మ చప్పట్ల వైపు చూడలేదు. సరిగ్గా చెప్పానా అన్నట్టు పక్కనున్న నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాను. ఆ తల ఊపు ఇప్పటికీ నన్ను వదలదు.

తర్వాత టీ దగ్గర ఆ మూడో పుస్తకం రాసిన శిష్యుడు సమోసా చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పెద్దాయన, మంచి మనిషే. "మీ అత్తగారు కన్నీళ్ళు తెప్పించారమ్మా" అన్నారు. నాకూ కడుపు నిండినట్టుండి, మాట కలపడానికి, "ఆ సాయంత్రం మీరు అక్కడే ఉన్నారా అండీ?" అని అడిగాను. "అబ్బే, నేను గురువుగారి దగ్గర చేరింది చాలా తర్వాత కదా. ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఉంది, నేను కాస్త రసం చేర్చాను" అన్నారు. గురువుగారు ఎప్పుడైనా ఆ మాట చెప్పారా అని అడిగాను. "అడిగితే నవ్వేవారమ్మా. బాధతో నవ్వేవారు" అని, చట్నీ కోసం అటు తిరిగారు. ఆయన నవ్వేవారట. అన్నం మానేసి కుప్పకూలిన మనిషి నవ్వేవారట. ఇంటికి పోగానే ఆ లావు గ్రంథం తీసి చూశాను. పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది, ఈ సంగతికి ఆధారం ఆ స్నేహితుడి పుస్తకమని. స్నేహితుడి పుస్తకంలో ఉన్నది 'అంటారు' అన్న మాట ఒక్కటే. ఎవరంటారో లేదు. 'ముందు పేజీ అడుగున చూడండి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి' అని పిల్లలకు పాఠం చెప్పే నేను, ఇన్నేళ్ళలో ఆ అడుగుకు ఒక్కసారి కళ్ళు దించలేదు. నా ఇంట్లో, నా కళ్ళ ముందు, ఆ సున్నం వేసిన మనిషి కూర్చుని చెప్తుంటే పాలు పొంగుతున్నాయని పిలిచాను.

నేను సమోసాల దగ్గర ఉన్న ఆ కాసేపట్లో అత్తమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పిల్లలు ఆమె పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఎవరో పెద్దమనిషి వంగి ఆమె భుజం తట్టి, "క్షమించేశాం లేమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అని దయగా చెప్తున్నాడు. ఆమె ఆయనకు కూడా చేతులు జోడించింది. ఇంటికి వస్తుంటే ఆటోలో నా వైపు తిరిగి, "మంచిగ చెప్పిన్నా?" అంది. "చెప్పారత్తమ్మా" అన్నాను. అటు పక్క కూర్చున్న మా ఆయన బయటికి చూస్తూ, "నువ్వు అడిగినవని అన్నది. నేను అడిగితే అనకపోయేది" అన్నాడు. ఆయన నన్ను తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఎవరు గేటు దగ్గర తచ్చాడినా అత్తమ్మ పిలవడం మానేసింది. కుర్చీ వరండాలోనే ఉంటుంది, ఆమె మాత్రం లేచి లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఒకసారి ధైర్యం చేసి, "తప్పు నాదే అత్తమ్మా, మీరు చెప్పిందే నిజం" అన్నాను. "పోనీ తియ్ బిడ్డా, అయిపాయె గద" అని, నా భోజనం సంగతి అడిగింది. నేను క్లాసులో ఆ కథ చెప్పడం మానేశాను. మానేశానే గానీ, ఇన్నాళ్ళూ తప్పు చెప్పానని ఒక్క క్లాసుకూ చెప్పలేదు. నా సిగ్గు కూడా నాలాంటిదే, నలుగురిలోకి రాదు. పోయిన ఏడాది శిష్యుడిగారి పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఒక ప్రతి నాకు పంపారు. అందులో కొత్తగా ఒక ఫోటో ఉంది. పోచంపల్లి చీరలో మా అత్తమ్మ, చేతులు జోడించి. కింద, నాటి యజమానురాలు కళాలోకాన్ని క్షమాపణ కోరిన దృశ్యం, అని. నాలుగు పుస్తకాల్లోనూ లేని సాక్ష్యం ఇప్పుడు దొరికింది. దాన్ని తయారు చేసి ఇచ్చింది నేను. ఆయన జీవితం తెలియాలంటే ఏ పుస్తకాలు చదవాలి అని ఎవరైనా అడిగితే నాకు నోరు ఎందుకు పెగలడం లేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మర్నాడు ఆ జనగామ పిల్ల చెప్పిన వేళకు వచ్చింది. నాలుగు పుస్తకాలూ బల్ల మీద పెట్టాను. దేనికోసం ఏది చదవాలో చెప్పాను, దేన్ని ఎక్కడ నమ్మకూడదో కూడా మొదటిసారి చెప్పాను. "వీటన్నిటికంటే ముందు నువ్వు వినాల్సింది ఒకటుంది" అని ఆమెను అత్తమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అత్తమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, పాత సంగతులైతే బాగానే చెప్తుంది. ఏ సంవత్సరం ఏ బర్రె ఈనిందో ఇప్పటికీ చెప్పగలదు. ఆ ధైర్యంతోనే ఆమె పక్కన మంచం మీద కూర్చుని, "అత్తమ్మా, ఎనకర్రాయన సంగతి చెప్పండి. ఈ పిల్లకు మొత్తం వినాలనుంది. టైమ్ చాలా ఉంది" అన్నాను.

ఆ పిల్ల ఫోన్ ఆన్ చేసి మంచం మీద పెట్టింది. అత్తమ్మ ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగు సర్దుకుంది. చేతులు జోడించి, "తెల్వక చేసిన బిడ్డా. అందరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి" అంది.

"అది కాదత్తమ్మా. ఆయనే కుంచె పట్టాడనేవారే, దూడ కాలు వంకర వచ్చిందని దాంతోనే మొదలుపెట్టాడని. సర్వపిండి ఇంకొకటి అడిగాడని."

ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడిపడేంతగా. "ఆయనా? ఏమో బిడ్డా, నాకు యాదికొస్తలేదు" అని, నన్ను చూసి కొంచెం భయపడ్డట్టు, "నువ్వు చెప్పినట్టే చెప్పిన గద?" అంది.

"మంచిగా చెప్పారు" అన్నాను.

ఆ పిల్ల ఫోన్ ఆపేసింది. బయటి గదిలోకి తీసుకొచ్చి నేనే ఆ కథంతా చెప్పాను. బొగ్గు, బాలింత, దూడ, రెండో పూత, సర్వపిండి, అత్తమ్మ చెప్పిన మాటల్లోనే, చేతనైనంత మటుకు ఆమె యాసలోనే చెప్పాను. నా కడప నాలుకకు అది ఎంత బాగా వచ్చిందో దేవుడికే తెలియాలి. ఆ పిల్ల శ్రద్ధగా రాసుకుంది. రాసుకోవడం అయ్యాక, "మేడం, దీనికి సోర్స్ ఏమని పెట్టాలె?" అని అడిగింది.

"నా పేరు పెట్టుకో" అన్నాను.

"మీరు అప్పుడు ఉండిండ్రా మేడం, గీ ఇంట్ల?"

"లేను" అన్నాను. ఆ పిల్ల పెన్నుకు మూత పెట్టింది. తప్పు ఆమెది కాదు, ఆ ప్రశ్న అడగమని నేర్పింది మేమే. నాలుగు పుస్తకాలూ సంచీలో సర్దుకుని, లోపలికి వెళ్ళి అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టి, వెళ్ళిపోయింది. అత్తమ్మకు గుర్తున్నన్నాళ్ళూ నేను చెప్పనివ్వలేదు, చెప్పమని అడిగే నాటికి కాలం ఆమె దగ్గర నేను నేర్పిన రెండు మాటలే మిగిల్చింది.